నిర్ణయం జరిగే చోటే పక్షపాతాన్ని ఆపాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

కార్యాలయాల్లో వైవిధ్యాన్ని గౌరవించాలనీ, తెలియకుండానే చూపే పక్షపాతాన్ని వదులుకోవాలనీ చెప్పే వ్యాసాలు ఈమధ్య పత్రికల్లో తరచుగా కనబడుతున్నాయి. ఈ విషయం పత్రికల దాకా రావడమే మంచి పరిణామం. అయితే వాటిలో చాలా వ్యాసాలు ఒకే సలహా దగ్గర ఆగిపోతున్నాయి. పక్షపాతం అందరి మనసుల్లోనూ ఉంటుంది, ఎవరి మనసును వారు పరిశీలించుకోవాలి, అందుకోసం సంస్థలు ఉద్యోగులకు ఒక పూట శిక్షణ ఇప్పించాలి అన్నదే ఆ సలహా. నియామక కమిటీల్లోనూ పదోన్నతుల పరిశీలనలోనూ చాలాకాలం పనిచేసిన నాకు ఇందులో మొదటి మాట నిజమని తెలుసు. చివరి మాట మాత్రం అసలు సమస్యను తాకడం లేదని గట్టిగా నమ్ముతున్నాను. పక్షపాతం పుట్టేది మనసులోనే కావచ్చు గానీ, అది ఎదుటి మనిషి బతుకును తాకేది ఒక నిర్ణయంగా మారిన తర్వాతే. ఎవరి దరఖాస్తును పక్కన పెట్టాం, ఎవరిని ఏ ప్రశ్న అడిగాం, ఎవరికి ఏ పని అప్పగించాం, ఎవరి పేరును పదోన్నతికి పంపాం అన్న వాటిలోనే దాని హాని ఉంది. కనుక దాన్ని ఆపవలసిన చోటు కూడా అదే. ఈ మాటను కొంత వివరంగా పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఇది ఊహించుకుని చేసే ఫిర్యాదు కాదని ముందుగా చెప్పాలి. మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ములైనాథన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని బోస్టన్, షికాగో నగరాల్లో వెలువడిన ఉద్యోగ ప్రకటనలకు సుమారు 5,000 కల్పిత దరఖాస్తులు పంపి, వచ్చిన ఫలితాలను 2004లో ప్రచురించారు. అర్హతలు ఒకే స్థాయివి, మారినవి పేర్లు మాత్రమే. తెల్లవారివిగా తోచే పేర్లున్న దరఖాస్తులకు, నల్లజాతివారివిగా తోచే పేర్లున్న వాటికంటే 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఇదే పద్ధతిని భారతదేశంలోని ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు అన్వయించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అగ్రకుల హిందువుల పేర్లతో పోలిస్తే దళితుల పేర్లతో వెళ్లిన దరఖాస్తులకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండొంతులేననీ, ముస్లింల పేర్లతో వెళ్లిన వాటికి సుమారు మూడో వంతేననీ తేలింది. ఈ దరఖాస్తులను తిరగేసినవారంతా ద్వేషంతో ఆ పని చేశారని నేను అనుకోవడం లేదు. చేతిలో గుట్టలుగా కాగితాలు ఉండి, ఒక్కొక్కదానికి కొద్ది క్షణాలే ఇవ్వగలిగినప్పుడు మనసు తనకు అలవాటైన దారినే పోతుంది. పరిచయమున్న పేరు దగ్గర కాసేపు ఆగుతుంది, పరిచయం లేని పేరును దాటిపోతుంది. పక్షపాతం చూపేది ఎప్పుడూ అవతలి వర్గమేనన్న భావన కూడా సరికాదు. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఒకే దరఖాస్తును కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెన్నిఫర్ పేరుతో పంపి 127 మంది సైన్సు అధ్యాపకుల అభిప్రాయం అడిగారు. జాన్‌ను ఎక్కువ సమర్థునిగా లెక్కగట్టి, ఎక్కువ జీతం సూచించిన వారిలో పురుషులతో పాటు మహిళా అధ్యాపకులూ ఉన్నారు.

దరఖాస్తు దశలో జరిగే అన్యాయాన్ని కనీసం లెక్కపెట్టవచ్చు. దానికంటే లోతైనది, మనుషులు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు జరిగేది. దీని గురించి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వర్డ్, మార్క్ జన్నా, జోయెల్ కూపర్ చేసి 1974లో ప్రచురించిన ప్రయోగాన్ని నియామకాలు చేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలని నా కోరిక. ఒకే విధంగా జవాబులు చెప్పేలా ముందే తర్ఫీదు పొందిన అభ్యర్థులను, తెల్లజాతి విద్యార్థుల చేత ఇంటర్వ్యూ చేయించారు. అభ్యర్థి నల్లజాతివాడైనప్పుడు ఇంటర్వ్యూ చేసేవారు కుర్చీని కొంచెం దూరంగా వేసుకున్నారు, మాటల్లో ఎక్కువగా తడబడ్డారు, సంభాషణను త్వరగా ముగించారు. అవమానకరమైన మాట ఒక్కటీ లేదు. పక్కనుంచి చూసేవారికి అంతా మర్యాదగానే సాగినట్టు అనిపించి ఉండేది. పరిశోధకులు అక్కడితో ఆగలేదు. రెండో ప్రయోగంలో ఇంటర్వ్యూ చేసేవారికి తర్ఫీదు ఇచ్చి, కొందరు తెల్లజాతి అభ్యర్థుల ఎదుట సరిగ్గా అలాగే ప్రవర్తింపజేశారు: దూరంగా కూర్చోవడం, తడబడుతూ మాట్లాడటం, త్వరగా ముగించడం. ఆ అభ్యర్థులు కంగారుపడ్డారు, వారి జవాబులు పేలవంగా ఉన్నాయని విషయం తెలియని పరిశీలకులు తేల్చారు.

ఈ రెండో భాగమే నన్ను ఇన్నేళ్లుగా వెంటాడుతోంది. ఎందుకంటే ఇంటర్వ్యూ ముగిశాక ప్యానెల్ సభ్యులు రాసుకునే మాట సాధారణంగా ఇలా ఉంటుంది: ‘అభ్యర్థిలో ఆత్మవిశ్వాసం తక్కువ’. వారు అబద్ధం రాయడం లేదు, తమ కళ్లెదుట కనబడినదే రాస్తున్నారు. కానీ ఆ ఆత్మవిశ్వాసం తగ్గడంలో తమ కుర్చీకీ, తమ చూపుకీ, తమ గడియారానికీ ఎంత పాత్ర ఉందో ఆ కాగితం మీద ఎక్కడా నమోదు కాదు. పక్షపాతం ఈ విధంగా తన సాక్ష్యాన్ని తానే తయారు చేసుకుంటుంది. ఆ తర్వాత ఎవరు ప్రశ్నించినా చూపడానికి ఆధారం సిద్ధంగా ఉంటుంది.

ఇదంతా అర్ధశతాబ్దం కిందటి మాట అనుకోవడానికి వీల్లేకుండా, ఫ్రాన్స్‌లోని కిరాణా సూపర్‌మార్కెట్లలో జరిగిన ఒక పరిశోధన 2017లో వెలువడింది. డిలన్ గ్లోవర్, అమాండా పల్లయిస్, విలియం పరియెంతే అనే పరిశోధకులు క్యాష్ కౌంటర్లలో పనిచేసే మైనారిటీ వర్గాల ఉద్యోగుల పనితీరును రోజువారీగా పరిశీలించారు. ఆ ఉద్యోగులు వేర్వేరు రోజుల్లో వేర్వేరు మేనేజర్ల కింద పనిచేస్తారు, ఏ రోజు ఎవరి కింద అన్నది వారి ఇష్టాన్ని బట్టి ఉండదు. పక్షపాతం ఎక్కువగా ఉన్న మేనేజర్ డ్యూటీలో ఉన్న రోజున అదే ఉద్యోగి గైర్హాజరయ్యే అవకాశం పెరిగింది, వస్తువులను స్కాన్ చేసే వేగం తగ్గింది, ఒక కొనుగోలుదారుకూ మరొకరికీ మధ్య తీసుకునే సమయం పెరిగింది. పక్షపాతం లేని మేనేజర్ల కింద పనిచేసిన రోజున వారి పనితీరు ఇతరులకంటే మెరుగ్గా ఉంది. పక్షపాతం ఉన్న మేనేజర్లు ఈ ఉద్యోగులను దూషించినట్టు గానీ వేధించినట్టు గానీ ఆధారాలు దొరకలేదు. వారు చేసిందల్లా ఆ ఉద్యోగులను తక్కువగా పలకరించడం, వారి దగ్గరికి తక్కువగా వెళ్లడం, వారి పనిని తక్కువగా పట్టించుకోవడం. నెల చివర సగటు తీస్తే మైనారిటీ ఉద్యోగుల పని ఇతరులతో సమానంగానే కనిపిస్తుంది, కనుక అన్యాయం జరగలేదనిపిస్తుంది. ఆ సగటు కింద, వారు చేయగలిగి కూడా చేయలేకపోయిన మంచి పని ఎంతో దాగి ఉంది. పలకరింపు లేకపోవడం అనే ఇంత చిన్న విషయం మీద ఏ ఉద్యోగి ఫిర్యాదు చేయగలడు? ఏ కమిటీ విచారణ జరపగలదు?

ఇక ప్యానెల్ గదిలో జరిగే చర్చ విషయానికి వస్తాను. అభ్యర్థిని చూసిన తర్వాత కొలమానాలు మారిపోవడం ఇక్కడ నేను చాలాసార్లు గమనించిన సంగతి. ఒకరికి అనుభవం ఎక్కువ, చదువు తక్కువ. ఇంకొకరికి చదువు ఎక్కువ, అనుభవం తక్కువ. మనసుకు నచ్చిన అభ్యర్థికి అనుభవం ఉంటే ఆ ఉద్యోగానికి అనుభవమే ప్రాణమంటారు. అతనికే చదువు ఉండి ఉంటే చదువే ప్రధానమని వాదించేవారు. ఎరిక్ ఉల్‌మన్, జెఫ్రీ కోహెన్ 2005లో ప్రచురించిన ప్రయోగం దీన్ని స్పష్టంగా నిరూపించింది. పోలీసు ఉన్నతాధికారి పదవికి ఒక పురుషుడిని, ఒక మహిళను పరిశీలించమన్నప్పుడు, పురుష అభ్యర్థికి ఏ అర్హత ఉంటే ఆ పదవికి అదే ముఖ్యమని పరిశీలకులు తేల్చారు. తాము పూర్తి నిష్పాక్షికులమని గట్టిగా నమ్మినవారిలోనే ఈ ధోరణి ఎక్కువగా కనిపించడం గమనించాలి. ఈ ప్రయోగంలో ఆశ కలిగించే అంశం మరొకటుంది. అభ్యర్థి స్త్రీయో పురుషుడో తెలియకముందే ఏ అర్హత ఎంత ముఖ్యమో తేల్చి చెప్పమన్నప్పుడు ఆ వివక్ష మాయమైపోయింది. ఆ పరిశీలకుల మనసులను ఎవరూ సంస్కరించలేదు, వారికి ఏ శిక్షణా ఇవ్వలేదు. నిర్ణయానికి సంబంధించిన రెండు మెట్ల వరుసను మార్చారు, అంతే.

‘మన టీమ్‌లో కలుస్తాడా’ అన్న ప్రశ్న కూడా ఇలాంటిదే. ‘కల్చర్ ఫిట్’ అనే పేరుతో ఈ ప్రశ్న ఇప్పుడు మూల్యాంకన పత్రాల్లోకి కూడా చేరింది. పైకి ఇది సహజమైన ప్రశ్నే. కలిసి పనిచేయవలసిన మనుషులు సర్దుకుపోగలగాలి కదా. కానీ లారెన్ రివెరా అమెరికాలోని పెద్ద న్యాయ, బ్యాంకింగ్, కన్సల్టింగ్ సంస్థల్లో నియామకాలు చేసేవారితో మాట్లాడి 2012లో ప్రచురించిన పరిశోధనలో, ఈ ప్రశ్నకు వారు వెతుకుతున్న జవాబు పనికి సంబంధించినది కాదని తేలింది. తమలాంటి ఆటలు ఆడినవారు, తమలాగే సెలవులు గడిపేవారు, తమలాంటి చోట పెరిగినవారు అభ్యర్థిగా వచ్చినప్పుడు వారికి ఉత్సాహం కలిగింది, ఆ ఉత్సాహాన్నే అర్హతగా లెక్కించారు. సంస్థ విలువలకు కట్టుబడి ఉండటం, మాట నిలబెట్టుకోవడం, తప్పు జరిగితే దాచకుండా చెప్పడం వంటివి పరీక్షించాలంటే వాటినే పేరు పెట్టి అడగవచ్చు. ‘మనలో కలుస్తాడా’ అని మాత్రమే అడిగితే, వచ్చే జవాబు ‘మనలాగే ఉన్నాడు’ అన్నదే అవుతుంది.

యాస గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవారు సిగ్గుపడకుండా చూపే వివక్ష ఇదొక్కటే మిగిలింది. షిరి లెవ్ ఆరి, బోజ్ కీజర్ అనే పరిశోధకులు షికాగో విశ్వవిద్యాలయంలో చేసి 2010లో ప్రచురించిన ప్రయోగంలో, జిరాఫీ ఒంటెకంటే ఎక్కువ కాలం నీళ్లు లేకుండా ఉండగలదు వంటి సాధారణ వాక్యాలను వేర్వేరు యాసలున్నవారి చేత చదివించారు. పరాయి భాషవారి యాసతో వినిపించిన వాక్యాలను శ్రోతలు తక్కువ నిజమైనవిగా భావించారు. ఆ వాక్యాలు మాట్లాడేవారివి కావని, పరిశోధకులు ఇచ్చినవాటినే వారు చదువుతున్నారని శ్రోతలకు ముందే చెప్పినా ఫలితం అదే. యాస వల్ల కలిగే ప్రభావం గురించి హెచ్చరించినప్పుడు, స్వల్పమైన యాస విషయంలో తమను తాము సరిదిద్దుకోగలిగారు గానీ, గాఢమైన యాస విషయంలో దిద్దుకోలేకపోయారు. వినడానికి కష్టమనిపించిన మాట నమ్మడానికి కూడా కష్టమనిపిస్తుందని పరిశోధకులు దీన్ని వివరించారు. మీటింగులో ఒక ఉద్యోగి చెప్పిన సూచనను ఎవరూ పట్టించుకోకపోవడం, కొద్ది నిమిషాల తర్వాత అదే సూచన మరొకరి నోట వినిపించినప్పుడు అందరూ తలలూపడం చూసినవారికి ఇది ఎంత పెద్ద నష్టమో తెలుసు. నష్టపోయింది ఆ ఉద్యోగి ఒక్కరే కాదు. యాస కారణంగా ఎన్ని మంచి సూచనలు ఎవరి నోటా మళ్లీ వినిపించకుండా పోయాయో ఆ సంస్థకు ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు శిక్షణ తరగతుల విషయం. ఎరుకలేని పక్షపాతాన్ని, పదాలనూ బొమ్మలనూ మనిషి ఎంత వేగంగా జతపరుస్తాడన్న దాన్నిబట్టి కొలవడానికి ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, ఆయన సహచరులు 1998లో ప్రతిపాదించిన పరీక్షను ఈ తరగతుల్లో విరివిగా వాడతారు. మనుషుల సమూహాల్లో ఉండే ధోరణులను తెలుసుకోవడానికి అది పనికొచ్చింది. కానీ ఒక వ్యక్తి పక్షపాతి అవునో కాదో తేల్చడానికి దాన్ని వాడరాదని దాన్ని రూపొందించినవారే చెబుతున్నారు. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, ఆ పరీక్షలో వచ్చే మార్కులను శిక్షణ ద్వారా మార్చగలిగితే మనిషి ప్రవర్తన మారుతుందా అన్నది. 492 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2019లో ప్రచురించిన ఒక విశ్లేషణ, పరీక్ష ఫలితంలో వచ్చే మార్పు ప్రవర్తనలో మార్పుగా పరిణమిస్తున్నట్టు ఆధారాలు లేవని తేల్చింది. దానికి ముందే, 2016లో, కాల్విన్ లయ్, ఆయన సహచరులు తొమ్మిది రకాల శిక్షణ పద్ధతులను పరీక్షించి చూస్తే, వాటి ప్రభావం కొన్ని గంటల్లోనో కొన్ని రోజుల్లోనో తరిగిపోయింది. బ్రిటన్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తన ఉద్యోగులకు ఈ తరహా శిక్షణను నిలిపివేస్తున్నట్టు ప్రకటించినప్పుడు ఇలాంటి ఆధారాలనే కారణంగా చూపింది. ఆ శిక్షణ ఆపడం వరకు నాకు అభ్యంతరం లేదు. దాని స్థానంలో ఏం చేయాలన్న పట్టుదల ఏ సంస్థలోనైనా, ఏ ప్రభుత్వంలోనైనా అంతే బలంగా కనిపించాలన్నదే నా కోరిక.

ఈ తరగతులు పెద్దగా పనిచేయకపోవడానికి ఒక కారణం మనిషి స్వభావంలోనే ఉంది. తోటివారిలోని పక్షపాతం మనకు స్పష్టంగా కనబడుతుంది. మనం మాత్రం దానికి అతీతులమనిపిస్తుంది. ఎమిలీ ప్రోనిన్, ఆమె సహచరులు 2002లో దీన్ని ప్రయోగపూర్వకంగా చూపారు. అందుచేత తరగతిలో కూర్చున్నవారు చెప్పినదంతా ఒప్పుకుంటారు, అది పక్క కుర్చీలోని వారికి బాగా వర్తిస్తుందనుకుంటారు. రెండో ప్రమాదం ఇంకా తీవ్రమైనది. తరగతికి హాజరై సంతకం చేసినవారికీ, గోడ మీద సమానత్వ ప్రకటన తగిలించిన సంస్థకూ తమ బాధ్యత తీరిందన్న నిశ్చింత కలుగుతుంది. ఎమిలియో కాస్టిల్లా, స్టీఫెన్ బెనార్డ్ 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో, ‘మా సంస్థలో ప్రతిభకే పట్టం’ అని చెప్పిన సందర్భంలోనే, సమానంగా పనిచేసిన స్త్రీ పురుషుల్లో పురుషుడికి మేనేజర్ పాత్రలో ఉన్నవారు ఎక్కువ బోనస్ ఇచ్చారు. సోనియా కాంగ్, ఆమె సహచరులు 2016లో ప్రచురించిన పరిశోధనలో, వైవిధ్యాన్ని స్వాగతిస్తామని ప్రకటనలో రాసుకున్న సంస్థలు కూడా మిగతా సంస్థల మాదిరిగానే వివక్ష చూపాయి. ఇక్కడ మరింత బాధాకరమైన సంగతి ఒకటుంది. ఆ ప్రకటనను నమ్మిన అభ్యర్థులు తమ వర్గాన్ని సూచించే వివరాలను దరఖాస్తులో దాచుకోకుండా రాసే అవకాశం ఎక్కువ, కనుక నమ్మినందుకే వారు నష్టపోతారు. నిజాయితీగా రాసిన ప్రకటన కూడా పద్ధతి మారకపోతే ఉచ్చుగా మారుతుంది.

మరి ఏది పనిచేస్తుంది? ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్, ఎరిన్ కెల్లీ అమెరికాలోని 708 ప్రైవేటు సంస్థల 1971 నుంచి 2002 వరకు ఉన్న వివరాలను పరిశీలించి 2006లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో సూటి జవాబు. మేనేజర్ల స్థాయిలో వైవిధ్యం పెరగడానికి శిక్షణ తరగతులు చాలా తక్కువగా తోడ్పడ్డాయి. ఈ పనికి ఫలానావారు జవాబుదారీ అని నిర్ణయించి, వారికి అధికారం ఇచ్చిన సంస్థల్లో అన్నిటికంటే స్పష్టమైన మార్పు వచ్చింది. అలాంటి బాధ్యత ఉన్న చోట మిగతా ప్రయత్నాలు కూడా మెరుగ్గా పనిచేశాయి.

అనుభవం మీద నేను చెప్పగలిగింది కూడా ఈ దిశలోనే ఉంటుంది. ఉద్యోగానికి కావలసిన అర్హతలేమిటో, ఏ అర్హతకు ఎన్ని మార్కులో ఒక్క దరఖాస్తు కూడా తెరవకముందే కాగితం మీద పెట్టాలి. అభ్యర్థులందరినీ అవే ప్రశ్నలు, అదే వరుసలో, అంతే సమయంలో అడగాలి. ఇలాంటి క్రమబద్ధమైన ఇంటర్వ్యూ వ్యక్తి భవిష్యత్తు పనితీరును అంచనా వేయడంలో ఇష్టాగోష్ఠి తరహా ఇంటర్వ్యూకంటే మెరుగైనదని పరిశోధకులు ఎంతోకాలంగా చెబుతున్నారు, కనుక ఇది వివక్ష తగ్గించడానికి మాత్రమే కాదు, మంచి ఉద్యోగిని ఎంచుకోవడానికి కూడా అవసరం. ప్యానెల్ సభ్యులు చర్చ మొదలు కాకముందే ఎవరి మార్కులు వారు విడిగా రాసి ఇవ్వాలి. లేకపోతే అందరికంటే పెద్ద హోదాలో ఉన్నవారు మొదట నోరు విప్పుతారు, మిగతా మార్కులు ఆ వైపు జరుగుతాయి. వార్షిక మూల్యాంకనంలో ‘దూకుడు ఎక్కువ’, ‘చొరవ లేదు’, ‘నాయకత్వ లక్షణాలు కనబడలేదు’ వంటి మాటలు రాసినప్పుడు, ఆ మాటకు ఆధారమైన పనిని, సందర్భాన్ని పక్కనే రాయాలన్న నియమం ఉండాలి. ఒకే ప్రవర్తన ఒకరిలో చొరవగానూ మరొకరిలో దురుసుతనంగానూ కనబడిందేమో తెలుసుకోవడానికి అది తప్ప వేరే దారి లేదు.

వీటన్నిటికంటే తక్కువ చర్చకు వచ్చే విషయం పని పంపకం. పదోన్నతి అనేది పదోన్నతి కమిటీ కూర్చున్న రోజున తేలేది కాదు. అంతకు ముందు ఎప్పుడో ముఖ్యమైన ప్రాజెక్టు ఎవరి చేతికి వెళ్లింది, క్లయింటు ఎదుట మాట్లాడే అవకాశం ఎవరికి దక్కింది, మీటింగు మినిట్స్ రాయడం, వీడ్కోలు సభ ఏర్పాట్లు చూడటం వంటి గుర్తింపు లేని పనులు ఎవరి మీద పడ్డాయి అన్న దగ్గరే సగం తేలిపోతుంది. కమిటీ ఎంత నిష్పాక్షికంగా ఉన్నా దాని ముందుకు వచ్చే వివరాలే అసమానంగా ఉంటే న్యాయం జరగదు. ప్రతి విభాగాధిపతి ఆరు నెలలకోసారి ఏ పని ఎవరికి ఇచ్చారో ఒక పట్టికగా పెట్టుకుని చూస్తే, ఎవరూ కావాలని చేయని తేడా కూడా అందులో కనబడుతుంది.

దరఖాస్తుల్లో పేర్లు తీసేస్తే సమస్య తీరుతుందని కొందరు సూచిస్తారు. కొన్ని చోట్ల అది మేలు చేయవచ్చు గానీ, కళ్లు మూసుకుని అమలు చేయదగిన పరిష్కారం కాదు. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ ఉపాధి సేవల ద్వారా 2010 ప్రాంతంలో జరిగిన ప్రయోగంలో, పేర్లు తీసేసిన తర్వాత మైనారిటీ వర్గాల అభ్యర్థులకు పిలుపులు తగ్గాయి. ఆ ప్రయోగానికి స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన సంస్థలు అంతకుముందే వారి పరిస్థితులను అర్థం చేసుకుని, దరఖాస్తులోని లోటుపాట్లను ఆ దృష్టితో చూస్తుండేవని పరిశోధకుల వివరణ. పేరు లేకపోవడంతో ఆ వీలు పోయింది. ఏ మార్పు చేసినా, చేసిన తర్వాత ఫలితాన్ని లెక్కగట్టి చూడటం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

సాంస్కృతిక వైవిధ్యాన్ని స్వాగతించడం అన్నప్పుడు చాలా సంస్థల్లో ముందుగా గుర్తొచ్చేది ఉత్సవం. ఏడాదికో రోజు అందరూ తమ తమ వేషధారణల్లో వస్తారు, ఫొటోలు తీసుకుంటారు. ఆ సంబరాన్ని నేను తక్కువ చేయడం లేదు, దాన్నుంచి కొన్ని స్నేహాలు పుడతాయి. కానీ సంస్కృతి అంటే బట్టలు, పాటలు మాత్రమే కాదు. పెద్దవారి మాటకు ఎదురు చెప్పడం ఒకరి పెంపకంలో ధైర్యం, ఇంకొకరి పెంపకంలో అమర్యాద. ఒకరు ఆలోచన పూర్తయ్యాకే మాట్లాడతారు, మరొకరు మాట్లాడుతూ ఆలోచిస్తారు. ఒకరు తాము చేసిన పనిని తామే చెప్పుకోవడానికి వెనుకాడతారు, మరొకరికి అది సహజం. మీటింగులో గొంతు పెంచినవారే చురుకైనవారని ఒక సంస్థ అనుకుంటే, అక్కడ ఎన్ని సంస్కృతుల ఉత్సవాలు జరిపినా విలువ దక్కేది ఒకే సంస్కృతికి. చర్చాంశాలను ముందురోజే అందరికీ పంపడం, మాటలతో పాటు రాతలో కూడా అభిప్రాయం తీసుకోవడం, అందరికీ అర్థమయ్యే భాషలో మాట్లాడుతూ ఎవరినీ పరాయివారిగా నిలబెట్టకపోవడం, సహోద్యోగి పేరును సరిగా పలకడం నేర్చుకోవడం, ఒకరి పండుగ రోజున ముఖ్యమైన గడువు పెట్టకపోవడం వంటివి ఉత్సవంకంటే చిన్నవిగా కనిపిస్తాయి. రోజూ జరిగేవి మాత్రం ఇవే.

భిన్నమైన మనుషులతో కలిసి పనిచేయడం మొదట్లో ఇబ్బందిగా ఉంటుందన్న మాటను దాచిపెట్టడం కూడా మంచిది కాదు. కేథరిన్ ఫిలిప్స్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక నేర పరిశోధన సమస్యను చిన్న బృందాలకు ఇచ్చి చూశారు. తమవారే ఉన్న బృందాలు తమ జవాబు సరైనదేనని ఎక్కువ నమ్మకంతో ఉన్నాయి. బయటివారు చేరిన బృందాలకు అంత నమ్మకం లేదు, చర్చ సాఫీగా సాగలేదని కూడా వారికి అనిపించింది. సరైన జవాబు కనిపెట్టింది మాత్రం ఎక్కువగా ఈ రెండో రకం బృందాలే. కనుక మన టీమ్‌లో చర్చలు కష్టంగా సాగుతున్నాయన్న ఒక్క కారణంతో అది విఫలమైందని తీర్మానించుకోకూడదు. ఆ ఇబ్బంది తరచుగా నలుగురూ నిజంగా ఆలోచిస్తున్నారనడానికి గుర్తు. అయితే ఇబ్బంది ఎప్పుడూ కొత్తగా వచ్చినవారి వంతే కాకుండా చూడటం టీమ్‌ను నడిపేవారి బాధ్యత.

ఇదంతా ప్రతిభను పక్కనపెట్టి వర్గాలకు పెద్దపీట వేయడమేనన్న విమర్శను నేను చాలాసార్లు విన్నాను, ఆ విమర్శ చేసేవారిలో నిజాయితీపరులు ఉన్నారనీ తెలుసు. వారికి నా సమాధానం ఒక్కటే. పైన చెప్పిన ప్రయోగాల్లో చాలావరకు అర్హతలు సమానంగా ఉన్నప్పుడు జరిగినదేమిటో చూపినవే, లేదా సమర్థుడైన మనిషి సామర్థ్యం ఎలా కుంగిపోతుందో చూపినవే. ప్రతిభను గౌరవించాలనుకునేవారికి ఈ పరిస్థితి అందరికంటే ఎక్కువగా కష్టం కలిగించాలి. కొలమానం ముందే రాసిపెట్టమనడం, కారణం చెప్పమనడం, మార్కులు విడిగా వేయమనడం ప్రతిభకు వ్యతిరేకమైనవి ఎలా అవుతాయి? ‘మా మేనేజర్లలో ఎవరికీ దురుద్దేశం లేదు’ అన్న జవాబు కూడా నేను అంగీకరించలేను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో ఆమోదించిన, భారత్ 1960లో అంగీకరించిన 111వ ఒప్పందం వివక్షను నిర్వచించేటప్పుడు, జాతి, రంగు, లింగం, మతం, రాజకీయ అభిప్రాయం, జాతీయ మూలం, సామాజిక మూలం ప్రాతిపదికగా చూపే ఏ భేదమైనా ఉపాధిలో సమాన అవకాశాన్ని దెబ్బతీసే ప్రభావం కలిగి ఉంటే అది వివక్షేనని చెప్పింది. చూడవలసింది ప్రభావం. ఉద్దేశం ఎవరికీ కనబడదు, ప్రభావాన్ని లెక్కపెట్టవచ్చు.

కనుక సంస్థల యాజమాన్యాలకు నా విన్నపం, శిక్షణ తరగతుల సంఖ్య చెప్పడం మాని, దరఖాస్తుల నుంచి పైస్థాయి పదవుల వరకు ఒక్కో మెట్టు దగ్గర ఎంతమంది వచ్చారో, ఎంతమంది ముందుకు వెళ్లారో, ఎంతమంది ఉద్యోగం మానేశారో వర్గాలవారీగా, వ్యక్తుల గోప్యతకు భంగం కలగకుండా, ఏటా బయటపెట్టాలని. మీ పత్రికకు కూడా ఒక విన్నపం ఉంది. వైవిధ్యానికి అవార్డు అందుకున్న సంస్థ గురించి వార్త ప్రచురించేటప్పుడు, దయచేసి ఆ సంస్థను ఈ లెక్కలు అడగండి. ఇంటర్వ్యూ మార్కుల విధానం రాసి ఉందా, గత అయిదేళ్లలో ఎవరెవరు పదోన్నతి పొందారు, ఈ పనికి జవాబుదారీ ఎవరు అని అడగండి. జవాబు వస్తే దాన్ని ప్రచురించండి. రాకపోతే అడిగామనీ, జవాబు రాలేదనీ ఒక్క వాక్యం వేయండి.

ఇట్లు,
నియామకాల విభాగంలో పనిచేసి విరమించిన ఒక పాఠకురాలు